చప్పిడి కూడు

ఆ పొద్దున కూడా అసిరయ్య కంచం ముందు కూర్చుని, తరవాణి అన్నంలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని, ముఖం పక్కకు తిప్పేసుకున్నాడు.

"ఏటే ఇది?"

"కూడు," అంది నూకమ్మ, పొయ్యిలో బొగ్గులు ఎగదోస్తూ.

"కూడా! గోడకేసే సున్నపు నీల్లనుకున్నాను."

"గోడకేత్తే గోడ మాటాడకుండా తాగుతాది. నువ్వూ తాగు."

లోపల టిఫిను డబ్బాలో రొట్టెలు సర్దుతున్న కోడలు చిన్నమ్మి నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. కొడుకు సూర్యం మాత్రం బూటు లేసులు కట్టుకుంటూ తలెత్తలేదు. అమ్మానాన్నల మధ్య ఎవరి పక్షం మాట్లాడినా డ్యూటీకి ఆలస్యమవుతుందని అతనికి అనుభవం మీద తెలుసు. టాటానగర్ యార్డులో షంటింగు పని అతనిది. బాగ్‌బేరాలో ఈ రెండు గదుల రైల్వే క్వార్టరు ఆ ఉద్యోగంతో వచ్చిందే. గోడ అవతలే యార్డు. వేళాపాళా లేకుండా వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటూనే ఉంటాయి. కొత్తగా వచ్చిన చుట్టాలు ఉలిక్కిపడతారు గానీ, ఈ ఇంట్లోవాళ్లకు ఆ చప్పుడు ఆగిపోతేనే మెలకువ వస్తుంది.

"పోనీ రెండు ఎండు నెత్తల్లు కాల్చి పడెయ్యే," అన్నాడు అసిరయ్య బేరంలోకి దిగుతూ.

"ఎండు సేప ఇంట్లో లేదు."

"ఊరగాయ ఉంది గదా?"

"జాడీతో సహా పక్కింటి జోగమ్మకి ఇచ్చేసినాను."

అసిరయ్య ఒంటికాలి మీద లేచాడు. "నా ఊరగాయ! మా సెల్లెలు ఊరి నుండి పంపినాది! నన్నడక్కుండా ఎలగిచ్చేసినావే?"

"అడిగితే నువ్వు ఇవ్వనిత్తావేటి?"

అసిరయ్య గ్లాసుడు మంచినీళ్లు గటగటా తాగి, నాలుగు ముద్దలు మందు మింగినట్టు మింగి, శాలువా కప్పుకుని వరండాలో ఎండలోకి పోయాడు. నూకమ్మ ఆ కంచం చూసుకుంది. సగానికి పైగా అలాగే ఉంది. ఆమె ప్రాణం ఉసూరుమంది. అయినా ఉప్పు డబ్బా ఉన్న బియ్యం బస్తా వైపు చూపు తిప్పలేదు. ఆ డబ్బాను బస్తా అడుగున పాతిపెట్టింది ఆమే.

ఉప్పు లేకుండా ఆ మనిషికి ముద్ద దిగదని నూకమ్మకు తెలియక కాదు. ఆదిత్యపూర్‌లో ఒక ఇనుప పోత కార్ఖానాలో కొలిమి ముందు నిలబడి జీవితం కరగబెట్టుకున్నవాడు అసిరయ్య. అక్కడ తెలుగువాళ్ల ముఠాలో ఒక ఆచారం ఉండేది. షిఫ్టు ఎక్కేముందు పెద్ద మేస్త్రీ వరసలో నిలబడ్డ ఒక్కొక్కడి నాలిక మీద చిటికెడు ఉప్పు పెట్టేవాడు. నోరు తెరవనివాడికి ఆ రోజు కొలిమి దగ్గర చోటు లేదు. తర్వాత రోజుల్లో కార్ఖానావాళ్లు తెల్లటి ఉప్పు బిళ్లలు ఇవ్వడం మొదలుపెట్టినా ఆచారం మారలేదు. బిళ్లను కూడా మేస్త్రీ చేత్తోనే నాలిక మీద పెట్టించుకునేవారు. కొన్నేళ్లకు ఆ మేస్త్రీ అసిరయ్యే అయ్యాడు.

ఇక ఇంట్లో తిండి సంగతి చెప్పక్కర్లేదు. అన్నంలో ఉప్పు, మజ్జిగలో ఉప్పు, చివరికి జామకాయ మీద కూడా ఉప్పే. షిఫ్టు దిగి వచ్చాక విప్పిన చొక్కా చెమట ఉప్పు ఎండి కర్రలా నిలబడేది. ముందు రాత్రి నానబెట్టకుండా దాన్ని ఉతకడం నూకమ్మ వల్ల కూడా అయ్యేది కాదు.

కిందటేడు పని నుంచి దిగిపోయాడు. ఈ ఏడు దసరా అయిన కొత్తలో బిష్టుపూర్ బజారులో నూకమ్మకు ఉన్ని శాలువా బేరమాడుతుండగా, ముక్కులోంచి రక్తం కారి చొక్కా అంతా తడిసిపోయింది. కొట్టువాడు స్టూలు వేసి కూర్చోబెట్టాడు. ఎంతకీ రక్తం ఆగదు. ఆటోలో డాక్టరు దగ్గరకు తీసుకువెళ్తే, ఆయన చేతికి పట్టా బిగించి చూసి, మళ్లీ బిగించి చూసి, నూకమ్మ వైపు తిరిగాడు. బీపీ మితిమీరి ఉందట. ముక్కులో నరం చిట్లింది కాబట్టి సరిపోయిందట, రేపు తలలో చిట్లితే మాట పడిపోవచ్చు, మనిషే పోవచ్చు అన్నాడు. మాత్రలు రాసిచ్చాడు. రోజూ నడవాలన్నాడు. చివర్న వేలెత్తి, "నమక్ బంద్. బిల్కుల్ బంద్," అన్నాడు.

నూకమ్మకు హిందీ అంతంత మాత్రమే. కానీ ఉప్పు పూర్తిగా మానాలన్న ఆ ముక్క ఆమె గుండెలో దిగిపోయింది.

ఎందుకంటే ఆమె లెక్క ఆమెకు ఉంది. పెళ్లి చేసుకుని ఈ ఊరు రైలెక్కి వచ్చినప్పుడు పరికిణీ వదిలి ఎన్నాళ్లో కాలేదు. వచ్చినప్పటి నుంచీ అసిరయ్య ఇంట్లో ఉండేది నిద్రపోవడానికే. పొద్దుటి షిఫ్టు, మధ్యాహ్నం షిఫ్టు, రాత్రి షిఫ్టు. పక్కపక్కన కూర్చుని ఒక పూట అన్నం తిన్నది లేదు. పని నుంచి దిగిపోయిన రోజున, మెడలో బంతిపూల దండతో గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూసి, 'హమ్మయ్య, ఇప్పుడు మొదలయింది నా కాపురం' అనుకుంది. అలా మొదలైన కాపురాన్ని ఏడాదికే ఉప్పుకు అప్పజెప్పడానికి ఆమె సిద్ధంగా లేదు. ఈయన నాలిక చచ్చినా సరే, ఈయన బతకాలి. అంతే.

ఆ రోజు నుంచి ఇల్లంతా చప్పిడి అయిపోయింది. ఒక్కడికి వేరే వండితే వాసన పట్టి అడుగుతాడని, ఇంటిల్లిపాదికీ ఒకటే వంట పెట్టింది. పొద్దున్నే దుప్పటి లాగేసి ఖర్కాయి నది ఒడ్డు దాకా నడిపించడం మొదలుపెట్టింది. మొదట్లో అసిరయ్య తిట్టుకుంటూ నడిచాడు. తర్వాత తిట్టడం మరిచిపోయి నడిచాడు. ఒకనాడు మంచు విడుతున్న వేళ, నది మీద పొగలాంటి ఆవిరి చూస్తూ ఆగి, "మనం ఇద్దరం ఇలగ నడిసి ఎన్నాల్లయిందే?" అన్నాడు.

"ఎప్పుడు నడిసినాం గనక?" అంది నూకమ్మ.

అసిరయ్య తిరిగి వచ్చేటప్పుడు ఆమె నడకకు సరిపడా తన అడుగు చిన్నది చేసుకున్నాడు. ఆ పొద్దున నూకమ్మ కడుపు నిండిపోయింది.

అందుకే రెండోసారి డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు, 'తగ్గింది' అనే మాట కోసం పరీక్ష రాసిన పిల్లలా ఎదురుచూసింది. డాక్టరు పట్టా విప్పి కళ్లజోడు తీసేశాడు. తగ్గలేదు సరికదా, ఇంకాస్త పెరిగింది. ఇంట్లో ఉప్పు మాన్పించమన్నాను కదా, నా మాటంటే లెక్కలేదా అని నూకమ్మ మీద గట్టిగానే కేకలేశాడు. ఎదురుగా నలుగురు రోగులు వింటున్నారు.  అసిరయ్య గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికి వచ్చిన నూకమ్మ నేరుగా వంటింట్లోకి పోయింది.

"ఒలే చిన్నమ్మీ, నిజం సెప్పు. మీ మావకి ఉప్పెడతన్నావా?"

చిన్నమ్మి పిండి చేతులతోనే తిరిగి చూసింది. "నానెందుకెడతానత్తా?"

"జాలికి. ఆయన ముఖం ఏలాడేసుకుని కూకుంటే నీ మనసు కరిగిపోతాది. నాను సూడకుండా పెరుగులో కలిపేత్తన్నావు."

"మా అమ్మ మీద ఒట్టత్తా, నాను ముట్టలేదు."

"మరి నాను ముట్టలేదు, నువ్వు ముట్టలేదు. ఉప్పుకి కాల్లొచ్చి ఆయన నోట్లోకి ఎలిపోతందేటి?"

చిన్నమ్మి కళ్లు నిండిపోయాయి. "మీ అబ్బాయి ఆ చప్పిడి రొట్టెలు తినలేక యార్డు నుండి సగం డబ్బా ఎనక్కి తెత్తన్నారు. అయినా నాను ఒక్క మాటన్నానా? మావ మా అయ్యలాటోడని నోరు మూసుకుని నానూ అదే తింటన్నాను. నా సేత్తో నాను ఆయన్ని సంపుకుంటానా?"

అప్పుడైనా నూకమ్మ తగ్గాల్సింది. తగ్గలేదు. భయం పట్టుకున్న మనిషికి ఎవరో ఒకరు దోషి కావాలి. ఆ సాయంత్రం అత్తాకోడళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా వంట ముగించారు. డ్యూటీ దిగి వచ్చిన సూర్యం ఇద్దరినీ చూసి, "క్యా హువా?" అని ఏం జరిగిందో అడిగి, జవాబు రాకపోయేసరికి కిమ్మనకుండా తిని పడుకున్నాడు.

శనివారం ఎండ బాగా కాసింది. చలికాలం బట్టలన్నీ ఆరవేద్దామని నూకమ్మ పెట్టె తీసింది. అసిరయ్య రోజూ నడకకు వేసుకునే పాత ఖాకీ కోటు కూడా తీసి దులుపుతుంటే జేబులో ఏదో గలగలమంది. చెయ్యి పెడితే హిందీ పేపరు ముక్కలో చుట్టిన పొట్లం. విప్పితే తెల్లటి బిళ్లలు. ఒంట్లో ఇంకేదో జబ్బుందని తనకు చెప్పకుండా మందు మింగుతున్నాడేమో అనుకుంది. అనుమానంతో ఒక బిళ్ల నాలిక మీద పెట్టుకుంది.

ఉప్పు.

నూకమ్మ బట్టలు ఉతికే రాయి మీద కూలబడిపోయింది. బిష్టుపూర్ బజారులో రక్తంతో తడిసిన చొక్కా కళ్ల ముందు ఆడింది. పొద్దున్నే నది ఒడ్డున పక్కన నడిచే మనిషి, తన అడుగు చిన్నది చేసుకున్న మనిషి, ఈ పొట్లం జేబులో వేసుకునే నడిచాడన్నమాట. కోపం కాదు అప్పుడు వచ్చింది. ఏడుపు వచ్చింది. కోపం ఆ తర్వాత వచ్చింది.

వరండాలో అసిరయ్య ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని పాటలు వింటున్నాడు. పోయి ఆ పొట్లం ఆయన ఒళ్లో విసిరికొట్టాలనిపించింది. కానీ నూకమ్మ ఆగింది. విసిరికొడితే ఏమవుతుంది? నాలుగు కేకలు అవుతాయి, మరో పొట్లం వస్తుంది. ఈ బిళ్లలు బజారులో దొరికేవి కావు. కార్ఖానా లోపల కొలిమి దగ్గరే దొరుకుతాయి. అక్కడి నుంచి ఈ ఇంటికి వచ్చే మనిషి ఒక్కడే. ప్రతి ఆదివారం రాత్రి షిఫ్టు దిగి, ఇంటికి కూడా పోకుండా, నేరుగా సైకిలు తొక్కుకుంటూ వచ్చే, అసిరయ్య పాత ముఠాలోని అప్పన్న.

నూకమ్మ పొట్లం యథాప్రకారం చుట్టి కోటు జేబులో పెట్టేసింది. వంటింట్లోకి పోతే చిన్నమ్మి పప్పు ఏరుతోంది. కోడలితో ఏదో ఒకటి అనాలి.  చేట లాక్కుని తానే పప్పు ఏరడం మొదలుపెట్టింది.

మర్నాడు ఆదివారం. సూర్యానికి ఆ వారం సెలవు. పొద్దెక్కీ ఎక్కకముందే సైకిలు గంట వినపడింది. మఫ్లరు చెవులకు చుట్టుకుని, దుప్పటి కప్పుకుని అప్పన్న లోపలికి వచ్చాడు. అసిరయ్య కంటే పదేళ్లు చిన్న. రాత్రంతా కొలిమి ముందు నిలబడ్డ ముఖం ఇంకా ఎర్రగానే ఉంది.

"ఒదినా, టీ అన్నా ఇత్తావా, దాంట్లో కూడా ఏటైనా మాన్పించేసినావా?" అన్నాడు నవ్వుతూ.

"ఇత్తాను, కూకో," అంది నూకమ్మ. నవ్వలేదు.

ఆమె వంటింటి తలుపు చాటున నిలబడి చూసింది. మిత్రులిద్దరూ గోడవారగా చేరారు. అప్పన్న దుప్పటి కింద నుంచి చెయ్యి చాపాడు. అసిరయ్య దాన్ని అందుకుని శాలువాలో దోపుకున్నాడు. దొంగ బీడీలు కాల్చే కుర్రాళ్లు కూడా ఇంతకంటే నేర్పుగా చేస్తారు.

నూకమ్మ టీ గ్లాసులు కింద పెట్టి, భర్త ముందుకు వచ్చి అరచెయ్యి చాచింది.

"తే."

"ఏటి?"

"సాలువాలో దాసినాది తే."

అసిరయ్య ముఖం తెల్లబోయింది. ఆ వెంటనే ఎర్రబడింది. "నా సొమ్మేదో నాను దాసుకుంటాను. నీకేటి?"

"నీ ఒల్లు నీదొక్కడిదే అనుకుంటన్నావేటి? అది నాది కూడా. తే!"

కేక విని సూర్యం, చిన్నమ్మి లోపలి నుంచి వచ్చారు. నూకమ్మ భర్త శాలువా కొస పట్టుకుని లాగింది. పొట్లం జారి నేల మీద పడి విచ్చుకుంది. తెల్లటి బిళ్లలు వరండా అంతా దొర్లాయి. చిన్నమ్మి వాటిని చూసింది, అత్తను చూసింది. నూకమ్మ తల దించుకోలేదు గానీ కోడలి చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది.

"అప్పన్నా," అంది తర్వాత.  "నిన్ను నా మరిదనుకున్నాను. నా సేత్తో నీకు అన్నమెట్టినాను. మీ అన్నని సంపడానికి వారంవారం పొట్లం కట్టి తెత్తన్నావా?"

అప్పన్న గ్లాసు కింద పెట్టేశాడు. "అంత మాటనకొదినా! సంపడానికా? అన్న లేకపోతే నానే లేను. నీకు తెల్దా?"

"ఏటి తెల్దా?"

"సెప్పొద్దురా," అన్నాడు అసిరయ్య.

"సెప్తానన్నా. నా మీద ఇంత నింద పడినాక దాసేదేటి?" అప్పన్న నూకమ్మ వైపు తిరిగాడు. "నాను పనిలోకొచ్చిన కొత్త. ఎండాకాలం. అన్న ఉప్పెడతాంటే వాంతొత్తందని నోరు మూసుకుని పక్కకి తప్పుకున్నాను. మద్యానానికి కొలిమి కాడ పడిపోనాను. కాల్లూ సేతులూ కొంకర్లు తిరిగిపోనాయి. కల్లు తేలేసినానంట. అందరూ అయిపోనాడన్నారు. అన్న నా తల ఒల్లో ఎట్టుకుని, గరిటితో ఉప్పు నీల్లు గొంతులో పోసీ పోసీ బతికించినాడు. ఆ ఉప్పే లేకపోతే నా పెల్లాం పిల్లలు ఏటయిపోదురు? ఇప్పుడాయనకి ఇంట్లో ఉప్పు లేదంటే నా పేనం ఒప్పుతాదా?"

 డాక్టరు అబద్ధం చెప్పడు కదా, మాట వినమని సూర్యమే నెమ్మదిగా హిందీలో అన్నాడు. "బాబా, మాన్ జాయియే నా. డాక్టర్ ఝూట్ థోడీ బోలేగా?"

అంతే, అసిరయ్య పేలిపోయాడు.

"డాక్టరు, డాక్టరు! ఆ డాక్టరు కొలిమి సూసినాడా? ఉప్పు మానేసినోడు ఎలగ గిలగిల్లాడిపోతాడో సూసినాడా? నాను సూసినాను! ఈడి నోట్లోంచి నురగొత్తాంటే ఈ సేతుల్తో తుడిసినాను! ఉప్పు మానెయ్యమంటే నాకు సచ్చిపొమ్మన్నట్టే ఉంటాది. నువ్వు చప్పిడి కూడెడతావు. రాతిరి పక్కెక్కితే కాల్లు లాగుతున్నట్టే ఉంటాది. పట్టేత్తాదేమో, ఈ రాతిరితో అయిపోతానేమో అని బిల్ల మింగుతాను. రుసికి తింటన్నాననుకుంటన్నారు మీరంతా. బయానికి తింటన్నాను నాను! నాకింకా బతకాలనుందే!"

ఆ మాటతో గోడకు చేరగిలబడి కూర్చున్నాడు.

నూకమ్మకు అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లూ ఆయన నాలికతో పోట్లాడింది తను. పోట్లాడాల్సింది నాలికతో కాదన్నమాట. ఆయన బతకాలనే తాను ఉప్పు దాచింది. బతకాలనే ఆయన ఉప్పు మింగాడు. ఒకే భయం ఇద్దరినీ చెరో పక్కకు లాగుతోంది. ఆమె కోపమంతా అక్కడికక్కడ నీరైపోయింది. కానీ పట్టు మాత్రం సడలలేదు. ఏడవడానికి తర్వాత సమయముంది, ముందు ఈయనకు నమ్మకం కలగాలి. డాక్టరు మాట వల్ల కలగలేదు. తన కేకల వల్లా కలగలేదు. ఏం చేస్తే కలుగుతుంది?

ఆలోచిస్తూ అప్పన్న వైపు చూసింది. దుప్పటి భుజం మీంచి జారి ఉంది. కింద నీలం చొక్కా.

"అప్పన్నా, లెగు," అంది.

"ఏటొదినా?"

"లెగు. ఆ దుప్పటి తీసి అటు తిరుగు."

అప్పన్న అయోమయంగా లేచి దుప్పటి తీసి గోడ వైపు తిరిగాడు. నీలం చొక్కా వీపు మీద, మెడ కింద నుంచి నడుం దాకా, తెల్లటి చారలు. రాత్రంతా పట్టిన చెమట పొద్దుటికి ఎండిపోయి, గట్టు మీద గట్టు కట్టినట్టు అట్టకట్టి ఉంది.

"నువ్వూ లెగు," అంది భర్తతో.

"నానెందుకే?"

"లెగమన్నాను."

ఆ గొంతు విన్నాక అసిరయ్య లేచాడు. ఆమె శాలువా తీసేసి, స్వెట్టరు పైకి ఎత్తి, ఆయన్ని కూడా గోడ వైపు తిప్పింది. ఆయన ఒంటి మీదా నీలం చొక్కాయే, మొన్నటి నుంచి విప్పనిది. కార్ఖానా రోజుల్లో తొడిగినదే, ఇప్పుడు ఇంట్లో తొడుక్కుంటున్నాడు. వీపు మీద ఒక్క గీత లేదు. దండెం మీంచి అప్పుడే తీసినంత శుభ్రంగా ఉంది.

"సూర్యం, మీ అయ్యకి సెప్పు ఏటి కనబడతందో."

సూర్యం ఒక వీపు చూశాడు, మరో వీపు చూశాడు. ఈసారి అతని నోట హిందీ రాలేదు. "అప్పన్న బాబాయి సొక్కా నిండా ఉప్పుంది. నీ సొక్కాకి లేదయ్యా."

నూకమ్మ భర్త చెయ్యి పట్టుకుని, ఆ చూపుడు వేలును అప్పన్న వీపు మీద తెల్ల చార వెంట గీయించింది. వేలికి తెల్లటి పొడి అంటుకుంది.

"నీ సొక్కాలు ఇన్నేల్లు ఉతికింది నాను. ఈ తెలుపు నీల్లలో నానబెట్టి నానబెట్టి వదలగొట్టింది నాను. అప్పుడు నువ్వు తిన్న ఉప్పు తిన్నట్టే ఈపు మీదకొచ్చేసేది. అందుకే తిన్నావు, అందుకే బతికినావు. నానూ కాదనను. పని దిగినప్పటి నుండి నీ సొక్కా మీద ఒక్క తెల్ల సార నాను సూడలేదు. ఇప్పుడు నువ్వు తింటన్న ఉప్పు బయటికి రావట్లేదయ్యా. మరి ఎక్కడికెలతంది? లోపలే కూకుంటంది. నీ నెత్తుట్లో కూకుని నరాలు పగలగొడతంది. ఆ దినం బిష్టుపూర్‌లో నీ సొక్కా ఉప్పుతో కాదు, నెత్తుటితో తడిసింది. అదీ నానే ఉతికినాను. మల్లీ అలగ ఉతకలేను. నావల్ల కాదు."

అసిరయ్య తన వేలి కొసనున్న తెల్లటి పొడిని చూశాడు. చెయ్యి వెనక్కి పెట్టి తన వీపు తడుముకున్నాడు. మళ్లీ వేలు చూసుకున్నాడు. ఏమీ అంటలేదు.

"కొలిమి లేదు గదా," అన్నాడు తనలో తాను. "కొలిమే లేదు నాకిప్పుడు."

అప్పన్న గోడకు ముఖం పెట్టుకునే భోరుమన్నాడు. "నాను... అన్నకి నానే నా సేత్తో..."

"నోర్ముయ్యరా," అన్నాడు అసిరయ్య మెత్తగా. వంగి నేల మీది బిళ్లలు ఏరడం మొదలుపెట్టాడు. చిన్నమ్మి సాయం చేయబోతే వద్దని చెయ్యి ఊపాడు. అన్నీ ఏరి, పేపరు ముక్కలో చుట్టి, అందులోంచి ఒక్క బిళ్ల మాత్రం బయట ఉంచాడు. అప్పన్న భుజం పట్టుకుని తన వైపు తిప్పుకున్నాడు.

"నోరు తెరు."

అప్పన్న కన్నీళ్ల మధ్యే అలవాటుగా నోరు తెరిచాడు. పాత మేస్త్రీ ఆ బిళ్లను అతని నాలిక మీద పెట్టి, పొట్లం అతని జేబులో కుక్కాడు.

"ఇవి నీయి. రాతిరికి మల్లీ కొలిమి కాడికెల్తావు, మానకు. నా షిఫ్టు అయిపోనాది తమ్ముడూ."

నూకమ్మ కొంగుతో ముఖం కప్పుకుని వంటింట్లోకి పోయింది. వెనకే చిన్నమ్మి వచ్చింది. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. నూకమ్మ తిరిగి చూడకుండానే, "ఒలే, నాను నిన్నన్న మాటలు..." అని ఆగిపోయింది.

"అన్నం మాడిపోతందత్తా," అంది చిన్నమ్మి. అత్త చేతిలోంచి గరిటె తీసుకుని, ఆ చెయ్యి కాసేపు అలాగే పట్టుకుంది.

ఆ మధ్యాహ్నం అందరికీ వరండాలో కంచాలు పెట్టారు. చిన్నమ్మి నిమ్మకాయలు పిండి, కొత్తిమీర దండిగా వేసి, పప్పులో ఉప్పు లేని లోటు దాచడానికి చెయ్యగలిగిందంతా చేసింది. అప్పన్న తనకూ చప్పిడే కావాలని మొండికేస్తే, నూకమ్మ బియ్యం బస్తా అడుగు నుంచి డబ్బా తీసి అతని ముందు పెట్టింది. "నీది నువ్వేసుకో. ఇన్నాల్లు మీకూ పస్తులే పెట్టినాను, మీరూ కొంచిం ఏసుకోండి," అంది కొడుకుతో, కోడలితో. సూర్యం డబ్బా అందుకున్నంత ఆత్రంగా మొదటి జీతం కూడా అందుకుని ఉండడు.

అసిరయ్య అన్నం కలపలేదు. కంచం ముందు కూర్చుని వంటింటి వైపు చూస్తున్నాడు.

"తినవేటి? మల్లీ సున్నపు నీల్లా?" అంది నూకమ్మ.

"నీ కంచం తే."

"నాను తరవాత తింటాను. అందరూ తిన్నాక తినడమే గదా నాకలవాటు."

"నా అలవాటు నాను మానుకున్నాను. నీది నువ్వు మానుకో. కూకో ఇక్కడ."

నూకమ్మ కంచం తెచ్చుకుని ఆయన పక్కన కూర్చుంది. కొడుకు, కోడలు, మరిది చూస్తుండగా మొగుడి పక్కన కూర్చుని తినడం సిగ్గుగా ఉంది.  ముద్ద కలిపిందే గానీ నోటిదాకా తీసుకుపోలేకపోయింది. ఇన్నేళ్లుగా ఎదురుచూసిన పూట ఇంత మామూలుగా, నిమ్మకాయ పప్పు వాసనతో వచ్చి పక్కన కూర్చుంటుందని ఆమె అనుకోలేదు. ఆపుకుందామన్నా ఆగలేదు. కన్నీళ్లు బొటబొటా కంచంలో పడ్డాయి.

అసిరయ్య ఆ కంచంలోకి తొంగి చూశాడు.

"ఇదేటే! నాకొద్దని సెప్పి, నువ్వు దొంగతనంగా ఏసుకుంటన్నావా ఉప్పు?"

వరండా అంతా గొల్లుమంది. నూకమ్మ కూడా ఏడుస్తూనే నవ్వింది. "మాటాడకుండా తిను," అంది ముంజేతితో కళ్లు తుడుచుకుంటూ.

అసిరయ్య తిన్నాడు. నెమ్మదిగా, ఒక్కో ముద్దా నమిలి, కంచం ఖాళీ చేశాడు. చేసి, ఖాళీ కంచం ఆమె ముందుకు జరిపి, "ఇంకొంచిం ఎట్టవే," అన్నాడు.